మొక్కు కాదు, కృతజ్ఞత: బమ్మెర పోతన జీవితం



పంట కానుకల ఆదివారం వచ్చిందంటే మా కొల్లాపూరు ప్రాంతపు పల్లెల్లో ఎవరి చేనులో పండినది వారు పట్టుకొని గుడికి వస్తారు. జొన్నలు, కందులు, వేరుశనగకాయలు, గుమ్మడికాయలు, కోళ్లు పీఠం ముందుకు చేరతాయి. మామిళ్ల కాలమైతే గంపలకొద్దీ పండ్లు వస్తాయి. కొన్నేళ్ల క్రితం అలాంటి ఆదివారానికి ముందు ఒక రైతు నా దగ్గరకు వచ్చాడు. ఆ ఏడు వాన మొగం చాటేసింది. పెట్టిన విత్తనం కూడ తిరిగి ఇంటికి రాలేదు. ఎగతాళిగా కాదు, మనసులోని బరువుతోనే ఆయన ఒక ప్రశ్న వేశాడు. మొక్కు చెల్లించడం తనకు తెలుసునట. బిడ్డకు జ్వరం తగ్గితే కొవ్వొత్తి వెలిగిస్తాడు. బోరులో నీళ్లు పడితే గుణదల కొండకు పోయి వస్తాడు. కాని ఈ ఏడు తాను ఏమీ మొక్కుకోలేదు, దేవుడు ఏమీ ఇవ్వలేదు. మరి దేనికి కృతజ్ఞత చెప్పాలి అన్నది ఆయన ప్రశ్న.

నేను పెద్ద గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివినవాణ్ణే. అయినా ఆ నిమిషాన నోట మాట రాలేదు. తరువాత కూర్చుని ఆలోచించుకొంటే పునీత అక్వినాసు తోమాసుగారు నేర్పిన ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. బాకీ వేరు, కృతజ్ఞత వేరు అంటారాయన. బాకీని పత్రం చూపి వసూలు చేయవచ్చు. కృతజ్ఞతను ఎవరూ వసూలు చేయలేరు. అది మనసు నుండి దానంతట అది రావాలి. మొక్కులో ఎంతో కొంత లెక్క ఉంటుంది, చెల్లించకపోతే ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. ఆ రైతు అడిగినది లెక్కలేని, భయంలేని కానుకను గురించి. అటువంటి కానుక ఎలా ఉంటుందో చూపడానికి పుస్తకంలోని మాట చాలదు, మనిషి కావాలి. అప్పుడు మన తెలంగాణ నేలమీదనే బ్రతికిన ఒక మనిషి నాకు తట్టాడు. ఆయన కూడ నాగలి పట్టిన రైతేనని పెద్దలు చెబుతారు. ఆయనే బమ్మెర పోతన.

కతోలిక పత్రికలో పోతన కథ ఎందుకని కొందరు అనుకోవచ్చు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ వెలువరించిన ప్రకటన ఇతర మతాలలో సత్యమై, పవిత్రమై ఉన్న దేనినీ తిరుసభ త్రోసిపుచ్చదని మనకు నేర్పింది. పోతన కొలిచిన పేరు వేరు, మన విశ్వాస ప్రమాణం వేరు. ఆ తేడాను దాచవలసిన పని లేదు. అయినా తన చేతిపనిలో అన్నిటికన్న మంచిదానిని ఏ మనిషికీ అమ్మకుండా, ఎవరి బలవంతం లేకుండా, దైవానికే సంతోషంగా సమర్పించిన తెలుగువాడు ఎవరంటే ముందుగా ఆయన పేరే చెప్పాలి. పొరుగింటివారి దీపం వెలుతురులో మన ఇంటి వస్తువు కనబడితే తప్పేమీ లేదు కదా.

పోతన పదునైదవ శతాబ్దంవాడు. ఓరుగల్లులో కాకతీయుల రాజ్యం 1323లో కూలిపోయిన తరువాత తెలుగుదేశం చాలాకాలం నెమ్మది ఎరుగలేదు. కోటలు చేతులు మారుతున్నాయి. సైన్యాలు నడిచిన దారిలో పంటలు నలుగుతున్నాయి. అటువంటి రోజుల్లో పోతన పుట్టాడు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఊరు బమ్మెర. నేటి జనగామ జిల్లాలో, పాల్కురికి సోమనాథుని ఊరైన పాలకుర్తికి దగ్గరలో ఉంది. కడప జిల్లా ఒంటిమిట్టవారు కూడ ఆయన మావాడే అంటారు. మహనీయుని మాకంటే మాకని పంచుకోవడం తెలుగువారికి మామూలే. బమ్మెరలో మాత్రం పోతన దున్నిన పొలం ఇదేనని ఊరివారు నేటికీ చూపుతారు.

ఆయనది శివభక్తుల కుటుంబం. తొలి రోజుల్లో వీరభద్ర విజయమనే కావ్యం శివుని పేరిట వ్రాశాడు. భోగినీ దండకమనే చిన్న రచన కూడ ఆయనదేనని చాలామంది అంటారు, కాదనే పండితులూ ఉన్నారు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని రాచకొండను ఏలిన సింగభూపాలుని మీద ఒక భోగిని మనసుపడిన కథ అది. ఆ దండకం నిజంగా పోతనదే అయితే మనం ఒక సంగతి గమనించాలి. కొలువును సంతోషపెట్టే రచన ఎలా చేయాలో ఆయనకు తెలియక కాదు. తెలిసి, చేసి చూచి, తరువాత వేరే దారి పట్టినవాడు. పునీత అగుస్తీనుగారు కూడ ఒకప్పుడు తన మాట నేర్పును బిరుదులకోసం అమ్ముకొన్నవారే కదా. దేవుడు మనిషిని పిలిచేటప్పుడు అతని పాత లెక్కల పుస్తకం చూడడు.

పోతన పిలుపు ఎలా వచ్చిందో ఆయనే తన గ్రంథం మొదట్లో వ్రాసికొన్నాడు. ఒక చంద్రగ్రహణం నాడు పెద్దల అనుమతి తీసికొని నదీస్నానానికి వెళ్లాడు. స్నానం చేసి ఇసుకతిన్నెమీద కూర్చుని, సగం మూసిన కన్నులతో శివుని ధ్యానిస్తున్నాడు. ఆ ధ్యానంలో సీతాసమేతుడైన రాముడు రాచవేషంలో కనబడ్డాడట. భాగవతాన్ని తెలుగు చేసి తన పేరిట అర్పించమని, ఆ పనితో అతని భవబంధాలు తెగిపోతాయని చెప్పి కనుమరుగయ్యాడట. పోతన లేచి ఏకశిలానగరానికి తిరిగి వచ్చి, బంధువులకు, పండితులకు సంగతి తెలిపి పని మొదలుపెట్టాడు. ఏకశిలానగరమంటే ఓరుగల్లు అని తెలంగాణవారి మాట.

ఆ పీఠికలో ఆయన మనసు తెలిపే విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది, తనకంటె ముందు నడచినవారిపట్ల ఆయనకున్న భావం. నన్నయ, తిక్కన వంటివారు ఎన్నో పురాణాలు తెలుగు చేశారు, కాని భాగవతాన్ని మాత్రం ముట్టలేదు. మరొకరైతే అది వారి లోపమని, తన తెలివి వారికి లేదని చెప్పుకొని ఉండును. పోతన అలా అనలేదు. వారు దానిని వదలిపెట్టడం తన పూర్వపుణ్యమని, ఆ మిగిలిన పనితోనే తన పుట్టుక సఫలమవుతుందని సంతోషించాడు. పెద్దలు మిగిల్చిన పనిలో కూడ తనకోసం దాచిన కానుకను చూడగలిగిన కన్ను అది. కృతజ్ఞత మొదలయ్యేది అక్కడే. మనకు లేనిదానిని లెక్కపెట్టే కన్ను వేరు, మనకోసం మిగిలి ఉన్నదానిని చూచే కన్ను వేరు.

రెండవది మరింత లోతైనది. ఈ కథ చెప్పేది తానే అయినా తనచేత చెప్పించేవాడు రాముడని ఆయన ఒప్పుకొన్నాడు. అంటే కావ్యం దైవానికి ఇస్తున్నానని గొప్ప చెప్పుకోలేదు, దైవం దగ్గరనుంచి వచ్చినదానినే తిరిగి దైవం ముందు పెడుతున్నానన్నాడు. ప్రియులారా, ఇది మనకు వినని మాట కాదు. దావీదు మహారాజు యెరూషలేము దేవాలయంకోసం బంగారం, వెండి పోగుచేసి, ప్రజలంతా మనసారా ఇచ్చినప్పుడు చేసిన ప్రార్థనను రాజుల దినచర్య మొదటి గ్రంథం చివరి అధ్యాయంలో చదువుకొంటాము. ఇంత ఇవ్వడానికి మేమెంతటివారము, అంతా నీదే, నీ చేతినుండి అందుకొన్నదే నీకిచ్చాము అన్నదే ఆ ప్రార్థన సారం. ఒకరు యెరూషలేములో సింహాసనం మీద కూర్చున్నవారు, మరొకరు బమ్మెరలో తాటాకు పట్టుకొన్నవారు. ఇద్దరూ కానుక ఇచ్చేటప్పుడు చేతులు చాపిన తీరు ఒకటే.

ఇక ఆ కానుక విలువ తెలియాలంటే ఆనాటి ఆచారం తెలియాలి. కవి కావ్యం వ్రాస్తే రాజుకో, మంత్రికో అంకితమిచ్చేవాడు. అందుకొన్న ప్రభువు ఊళ్లు, వాహనాలు, ధనం ఇచ్చేవాడు. కవి కుటుంబం దానితో తరతరాలు బ్రతికేది. మన ప్రాంతానికి ఈ సంగతి కొత్త కాదు. జటప్రోలు, కొల్లాపూరు కేంద్రాలుగా ఏలిన సురభివారి సంస్థానం కవిపండితులను ఆదరించి పేరు తెచ్చుకొన్నదే. రాజుల అన్నం తిని ఎన్నో మంచి కావ్యాలు పుట్టాయి. కనుక అంకితమిచ్చిన కవులను మనం తప్పుపట్టనక్కరలేదు. పోతనకు కూడ ఆ దారి తెరచే ఉంది. రాచకొండ ప్రభువు భాగవతాన్ని తనకు అంకితం ఇమ్మని కోరాడని జనశ్రుతి. పోతన ఒప్పుకోలేదు.

ఒప్పుకోకపోవడం వలన ఏమి పోతుందో ఆయనకు తెలియనిది కాదు. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో ఆ మాట అనడం ఎంత కష్టమో ఆలోచించండి. రాజులకు కృతులమ్మి సొమ్ము తీసికొని, చివరకు ముసలితనంలో చచ్చి యమునిచేత దెబ్బలు తినడంకంటె, లోకహితంకోసం హరికే ఇది అర్పించడం మేలని ఆయన గ్రంథంలోనే తేల్చి చెప్పాడు. సందేహంలో ఉన్న సమయాన చదువులతల్లి కాటుక కరిగేలా కన్నీరు పెట్టుకొని కనబడిందని, ఆమెను ఏ రాజుకూ అమ్మనని పోతన ఓదార్చాడని ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. చిత్తూరు నాగయ్యగారు నటించిన భక్త పోతన చిత్రాన్ని చూచిన పెద్దవారు ఆ పేదరికాన్ని, ఆ పట్టుదలను మరచిపోరు.

ఆయనకు శ్రీనాథుడు బావమరిది అని కూడ చెప్పుకొంటారు. కాలం లెక్కలు చూచిన పండితులు దీనిని అంతగా నమ్మరు. కాని ఆ కథలోని తారతమ్యం జనానికి నచ్చింది. శ్రీనాథుడు పల్లకీలో వస్తాడు, పోతన పొలంలో ఉంటాడు. ఒకరు రాజాస్థానాలు తిరిగి కనకాభిషేకం చేయించుకొన్నవారు, మరొకరు చెమట కార్చి తిన్నవారు. జనం శ్రీనాథుని కవిత్వాన్ని మెచ్చుకొన్నారు. పోతననైతే తమ ఇంటి మనిషిగా చేసికొన్నారు.

మరొక కథ మీలో చాలామంది చిన్ననాడు బడిలో విన్నదే. గజేంద్రుడు మొసలి నోట చిక్కి మొరపెట్టుకొన్న ఘట్టం వ్రాస్తూ, వైకుంఠాన్ని వర్ణించే పద్యం దగ్గర పోతనకు కలం ఆగిపోయిందట. ఆయన లేచి బయటకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. ఇప్పుడే వచ్చి నీవే వ్రాసి వెళ్లావు కదా అని కూతురు చెప్పిందట. దైవమే పోతన రూపంలో వచ్చి పద్యం పూరించాడని ఆ కథ భావం. ఇది జరిగిందా లేదా అని వాదించుకోవడం కాదు మన పని. ఈ కథ చెప్పిన పల్లెజనం పోతన మనసును సరిగా పట్టుకొన్నారు. గ్రంథంలో మేలైన పద్యం తనది కాదని చెప్పగలిగిన కవి ఆయన. మన బ్రతుకులో మేలైన ఘట్టాలను ఎవరు పూరించారో మనం ఎప్పుడైనా తిరిగి చూచుకొన్నామా?

పోతన దృష్టిలో ఆరాధన నోటితో అయిపోయేది కాదు. చేతులతో పూజించి, నోటితో కీర్తించి, దయను, సత్యాన్ని మనసులో నిలుపుకోనివాని పుట్టుక తల్లికి చేటేనన్న భావంతో ఆయన వ్రాసిన పద్యం తెలుగునాట అందరికీ తెలుసు. శివపూజను, హరికీర్తనను ఒకే పద్యంలో కలిపాడు. వాటి ప్రక్కనే దయను, సత్యాన్ని కూర్చోబెట్టాడు. ఆ రోజుల్లో శివభక్తులు, విష్ణుభక్తులు కొట్టుకొంటున్న మాట తెలిస్తే ఆ పద్యం విలువ మరింత తెలుస్తుంది. స్తుతిగీతం పాడిన నోటితోనే గుడి మెట్లు దిగకముందే పొరుగువారిని తిట్టే మనకు కూడ అది చురకే.

వామన చరిత్రలో బలిచక్రవర్తిని పోతన చిత్రించిన తీరు చూడండి. మూడడుగులు అడుగుతున్న వటువు ఎవరో గురువు ముందే హెచ్చరించాడు. ఇస్తే సర్వం పోతుందని బలికి తెలుసు. అయినా ఇచ్చిన మాట తప్పలేదు. ఎందరో రాజులు పుట్టారు, గర్వంతో ఏలారు, పోయేటప్పుడు ఎవరూ సిరిని మూటగట్టుకొని పోలేదు కదా అని అతడు ఆలోచిస్తాడు. రాజుకు కావ్యమివ్వనన్న కవి, రాజు నోట ఈ భావం పలికించడం ఊరకే జరిగినది కాదు. పోయేదని తెలిసి, బలవంతం లేకుండా, చేతులారా ఇవ్వడమే అర్పణ అని పోతన తన బ్రతుకుతో ఒకసారి, బలి కథతో ఒకసారి చెప్పాడు.

ఆయన కానుకకు కూడ కష్టకాలం తప్పలేదు. భాగవతం పన్నెండు స్కంధాలు. నేడు మన చేతికి వచ్చిన గ్రంథంలో అన్నీ పోతనవి కావు. అయిదవ స్కంధం గంగన, ఆరవది సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పూర్తిచేశారు. కోపించిన రాజు తాళపత్రాలను పాతిపెట్టించాడని, వాటిలో కొన్ని చెడిపోయాయని ఒక కథ ఉంది. కారణం ఏదైనా, దైవానికి పూర్తిగా అర్పించిన కానుక లోకంలో చిల్లులు పడి నిలిచింది. ఇతరులు వచ్చి ఆ చిల్లులు కుట్టారు. దేవునికి ఇచ్చినదానికి నష్టం రాదని మనం అనుకొంటాము. అలాంటి హామీ ఎక్కడా లేదు. అర్పణ నిజమైనదా కాదా అన్నది దాని ఫలితాన్నిబట్టి తేలదు.

అయితే ఒక వింత జరిగింది. రాజుకు ఇచ్చి ఉంటే ఆ గ్రంథం మొదట ఒక రాజుగారి పేరు మోసేది. ఆ కోట కూలింది, ఆ సింహాసనం పోయింది. దైవానికి ఇచ్చినందున అది అందరిదీ అయింది. అక్షరం రాని ముసలివారు కూడ పొలం గట్టుమీద పోతన పద్యం పాడుకొన్నారు. పశువుల కాపరికి, బడిపిల్లవానికి, ఇంట్లో రోకలి పట్టిన ఇల్లాలికి అది నోటికి వచ్చింది. లోకహితంకోసం అని ఆయన అన్న మాట అయిదు వందల ఏండ్లుగా నిజమవుతూనే ఉంది.

పాత నిబంధనలో కృతజ్ఞతాబలికి ఒక నియమం ఉంది. లేవీయకాండం ఏడవ అధ్యాయంలో చూడవచ్చు. ఆ బలిమాంసాన్ని అర్పించిన రోజునే తినివేయాలి, తెల్లవారేవరకు కొంచెం కూడ మిగల్చరాదు. ఒక ఇంటివారు ఒక్కరోజులో అంత మాంసం తినగలరా? తినలేరు. చుట్టాలను, ఇరుగుపొరుగును పిలవక తప్పదు. దేవునికి చెప్పిన కృతజ్ఞత సాయంత్రానికల్లా పొరుగువారి విస్తరిలోకి చేరుతుంది. దాచుకొంటే అది కృతజ్ఞతాబలి కాదు. మన ప్రభువు కడరాత్రి భోజనంలో రొట్టెను అందుకొని ముందు కృతజ్ఞతలు చెల్లించారు, తరువాత విరిచి అందరకు పంచారు. ఆయన ఆ కృతజ్ఞత చెప్పినది పంట బాగా పండిన రోజున కాదు, తనను పట్టి ఇవ్వబోతున్న రాత్రి. మనం దివ్యసత్ప్రసాద బలి అని పిలిచేదానికి గ్రీకు భాషలోని పేరు యూకరిస్తియా. ఆ మాటకు అర్థం కృతజ్ఞత చెల్లించడమే. మనం అప్పము, ద్రాక్షరసము అర్పించేటప్పుడు గురువు చేసే ప్రార్థన కూడ అవి దేవుని దయవలన కలిగినవని ముందుగా ఒప్పుకొంటుంది, మన చేతికష్టం సంగతి ఆ తరువాతనే వస్తుంది.

ఆ రైతుకు ఈ కథంతా చెప్పాను. వానలేని సంవత్సరం మంచిదని నేను చెప్పలేదు. పండని పంటకు కృతజ్ఞత చెప్పమని కూడ అనలేదు, అది అబద్ధపు ప్రార్థన అవుతుంది. ఏడ్వవలసినదానిని దేవుని ముందు ఏడ్వవచ్చు, కీర్తనల గ్రంథం నిండా అటువంటి ఏడ్పులు ఉన్నాయి. కాని అడగకుండానే వచ్చినవి ఆ సంవత్సరంలో కూడ ఉన్నాయి కదా అన్నాను. ప్రాణం, ఇంటి మనుషులు, అప్పు ఇచ్చి ఇంకా గుమ్మంలోకి రాని పొరుగువాడు, మరల దున్నడానికి మిగిలిన రెండు చేతులు. వీటికి ఏ మొక్కూ లేదు, ఏ బాకీపత్రమూ లేదు. అందుకే వాటికి చెప్పే కృతజ్ఞత స్వచ్ఛమైనది. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. పోతన కూడ వానకోసం ఆకాశం చూచినవాడే కదా అని మాత్రం అని లేచాడు. ఆ ఆదివారం కానుకల వరుసలో ఆయన కుటుంబమూ ఉంది. వారి గంపలో ఏముందో నేను చూడలేదు. చూడవలసిన పని నాది కాదు.

ప్రియులారా, ఈసారి పంట కానుకలు తెచ్చేటప్పుడు మూడు చిన్న పనులు చేద్దాం. మొదటిది, ఇచ్చిన వస్తువు మీద మన పేరు వ్రాయవద్దు. గుడిలో తిరిగే ఫ్యాను రెక్కలమీద కూడ దాతల పేర్లు వ్రాయించుకొనే కాలంలో ఇది కొంచెం కష్టమే. పేరు వ్రాసినచోట మెప్పు రూపంలో మనకు ధర ముట్టిపోతుంది. రెండవది, మనం అడగని మేలు ఒకటి ఇంటిల్లిపాది కూర్చుని జ్ఞాపకం చేసికొని, దానికి దేవునికి వందనం చెబుదాం. మూడవది, గుడికి తెచ్చినదానిలో సమానమైన భాగం అదే రోజు ఒక పేద ఇంటికి పంపుదాం. ఆ ఇల్లు మన విచారణవారిదే కానక్కరలేదు, ఏ కులమో, ఏ మతమో అడగనక్కరలేదు.

పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగి వచ్చి ప్రభువు పాదాలమీద పడినవాడు ఒక్కడే, వాడు కూడ పరాయివాడైన సమరీయుడు. ఆ తొమ్మండుగురి సంగతి ప్రభువు అడిగారు. పొరుగింటి పోతన తన కానుకను ఎవరికీ అమ్మకుండా తెచ్చి దైవం ముందు పెట్టాడు. ప్రతి ఆదివారం కృతజ్ఞతాబలికి వచ్చే మనం ఏ చేతులతో వస్తున్నామో ఎవరికి వారే చూచుకొందాం.